గో-కార్టు పళ్ల లెక్క: ఒక విమర్శ

సైకిలు మీద వంతెన ఎక్కేటప్పుడు కూర్చుని తొక్కలేక, లేచి నిలబడి ఒంటి బరువంతా ఒక పెడల్ మీద మోపడం మనలో ప్రతివారికీ అనుభవమే. 45 కిలోల బరువుగల బాలుడు 17 సెంటీమీటర్ల పొడవుగల క్రాంక్ చివర అలా నిలబడినాడనుకుందాం. క్రాంక్ నేలకు సమాంతరంగా ఉన్న క్షణంలో ఇరుసును తిప్పే బలం సుమారు 75 న్యూటన్-మీటర్లు అవుతుంది. ఈ తిప్పే బలాన్నే టార్క్ అంటారు. ఇక పొలాల్లో పంపులకూ, కలుపు తీసే యంత్రాలకూ బిగించే చిన్న పెట్రోలు ఇంజను సంగతి చూద్దాం. ఆ తరగతిలో పేరుపొందిన హోండా జీఎక్స్200 ఇంజను పరిమాణం 196 ఘన సెంటీమీటర్లు. నిమిషానికి 2500 చుట్లు తిరిగేటప్పుడు అది ఇచ్చే గరిష్ఠ టార్క్ 12.4 న్యూటన్-మీటర్లు మాత్రమే. అనగా పెడల్ మీద నిలబడిన బాలుడి టార్క్ ఈ ఇంజను టార్కుకు ఆరు రెట్లు!

అయితే ఇంజను గొప్పతనం ఎక్కడున్నది? వేగంలో ఉన్నది. బాలుడు నిమిషానికి 60 చుట్లు తొక్కగలిగితే ఇంజను 3600 చుట్లు తిరుగుతుంది. మన కాలు నెమ్మది, కాని బలం గలది. ఇంజను చురుకు, కాని దాని టార్క్ తక్కువ. అందుచేతనే సైకిలుకు ముందు పెద్ద పళ్లచక్రం, వెనుక చిన్న పళ్లచక్రం అమర్చి బలాన్ని వేగంగా మార్చుకుంటాం. ఇంజను బండికి ముందు చిన్నది, వెనుక పెద్దది అమర్చి వేగాన్ని బలంగా మార్చుకోవాలి. ఇది ఉన్నత పాఠశాల విద్యార్థులందరికీ తెలిసిన పాఠమే. అయినప్పటికీ ఇంట్లోనో, పాఠశాల కర్మశాలలోనో గో-కార్టు తయారుచేయడానికి పూనుకున్నప్పుడు మొదట మరచిపోయేది ఈ పాఠాన్నే. ఆ మరపును గురించే ఈ విమర్శ.

గో-కార్టు అంటే పైకప్పు, స్ప్రింగులు లేకుండా, ఇనుప గొట్టాల చట్రానికి నాలుగు చిన్న చక్రాలు, ఒక ఇంజను బిగించిన నేలబారు బండి. కాలిఫోర్నియాలో పందెపు కార్ల తయారీలో పనిచేస్తూ ఉండిన ఆర్ట్ ఇంగెల్స్ 1956లో, లూ బొరెల్లీ తోడ్పాటుతో, మొదటి కార్టును తయారుచేసినాడు. దానికి బిగించినది గడ్డి కోసే యంత్రాలకు వాడే వెస్ట్ బెండ్ ఇంజను. దాని శక్తి సుమారు రెండున్నర హార్స్ పవర్. ఇంత చిన్న ఇంజనుతోనే ఒక కొత్త క్రీడ పుట్టిందన్న సంగతిని కార్టు చేయదలచినవారు గుర్తుంచుకోవాలి.

రెండు కార్టుల కథ

కొన్నేళ్ల క్రితం ఒక వైజ్ఞానిక ప్రదర్శనలో మార్కులు వేసేవారిలో నేనూ ఒకడిని. విద్యార్థులు తయారుచేసిన కార్టులు రెండు వచ్చినవి. రెండింటి ఇంజన్లూ ఒకే తరగతివి. రెండింటి వెనుక చక్రాల వ్యాసం 35 సెంటీమీటర్లు. తేడా అంతా పళ్లలో ఉన్నది. మొదటి దానికి ఇంజను వైపు 12 పళ్లు, ఇరుసు మీద 48 పళ్లు. రెండవ దానికి ఇంజను వైపు 12, ఇరుసు మీద 72. అనగా ఒకదాని పళ్ల నిష్పత్తి 4, మరొకదానిది 6.

మైదానం పక్కన ఉన్న తారురోడ్డు మీద మొదటి కార్టు దూసుకుపోయింది. మేము దానికి ప్రథమ బహుమతి ఇచ్చినాం. నేను కూడా ఆ కార్టుకే ఎక్కువ మార్కులు వేసినాను. మరునాడు చూపరుల పిల్లలను ఎక్కించుకుని, ఆగుతూ, మళ్లీ బయలుదేరుతూ, మైదానం అంచున ఉన్న వాలు ఎక్కవలసి వచ్చేసరికి అది కదలలేదు. క్లచ్ నుంచి కాలిన వాసన, తరువాత పొగ వచ్చినవి. ఆ పిల్లలు నా దగ్గరకు వచ్చి, “ఇంజన్లో దమ్ము లేదు సార్! గవర్నర్ పీకేస్తే లాగుతుందంటున్నారు. తీసెయ్యమంటారా?” అని అడిగినారు. రెండవ కార్టు మాత్రం సాయంత్రం దాకా మందకొడిగా తిరుగుతూనే ఉన్నది. దానికి ఏ బహుమతీ రాలేదు.

మొదటి కార్టు ఇంజనులో లోపం లేదు. లోపం ఎక్కడ ఉన్నదో బండి కొనకముందే, కాగితం మీదనే తెలిసిపోయి ఉండేది. ఆ లెక్క ఇప్పుడు చేద్దాం.

పై వేగం, పట్టు వేగం

35 సెంటీమీటర్ల చక్రం ఒక చుట్టు తిరిగితే బండి 1.10 మీటర్లు పోతుంది. ఇంజను నిమిషానికి 3600 చుట్లు తిరిగేటప్పుడు, నిష్పత్తి 4 అయితే చక్రం 900 చుట్లు తిరుగుతుంది. వేగం గంటకు సుమారు 59 కిలోమీటర్లు. నిష్పత్తి 6 అయితే చక్రం 600 చుట్లు, వేగం గంటకు సుమారు 40 కిలోమీటర్లు. కార్టులు చేసేవారు సాధారణంగా చూసేది ఈ అంకెను మాత్రమే. నిష్పత్తి 4 వారికి ముద్దు వచ్చేది ఇందువల్లనే.

కాని చూడవలసిన రెండవ వేగం ఒకటి ఉన్నది. ఇటువంటి కార్టుల్లో వాడే క్లచ్ అపకేంద్ర బలంతో పనిచేస్తుంది. ఇంజను తిరుగుతున్నకొద్దీ క్లచ్‌లోని దిమ్మలు వెలుపలికి జరిగి, డబ్బా లోపలి గోడను ఒరుసుకుని పట్టుకుంటాయి. ఈ పట్టు మామూలుగా నిమిషానికి 2000 చుట్ల ప్రాంతంలో మొదలవుతుంది. నిలిచి ఉన్న బండిని కదిల్చేటప్పుడు దిమ్మలు వేగంగా తిరుగుతుంటాయి, డబ్బా నెమ్మదిగా తిరుగుతుంటుంది. రెండూ సమానమయ్యేదాకా వాటి మధ్య రాపిడి తప్పదు. ఇంజను 2000 చుట్ల వద్ద ఉన్నదనుకుంటే, నిష్పత్తి 6 గల కార్టులో ఈ రాపిడి గంటకు 22 కిలోమీటర్ల వేగం వద్ద ముగుస్తుంది. నిష్పత్తి 4 గల కార్టులో గంటకు 33 కిలోమీటర్ల వేగం అందేదాకా ముగియదు. దీనిని మనం పట్టు వేగం అని పిలుచుకుందాం.

పట్టు వేగం అంత ముఖ్యమెందుకు? ఇంజను ఒకే వేగంతో తిరుగుతూ, చదును నేల మీద నిలిచి ఉన్న బండిని క్లచ్ ద్వారా కదిలిస్తే, బండి పొందిన గతిజశక్తికి సమానమైన శక్తి క్లచ్‌లో వేడిగా మారిపోతుంది. ఇంజను ఇచ్చిన దానిలో సగం బండికి, సగం క్లచ్‌కు పోతుందన్నమాట. కార్టు, మనిషి కలిసి 150 కిలోలనుకుందాం. నిష్పత్తి 6 అయితే ఒక్కొక్కసారి బయలుదేరినప్పుడు క్లచ్‌లో పుట్టే వేడి సుమారు 2800 జౌళ్లు. నిష్పత్తి 4 అయితే 6300 జౌళ్లు. వేగం ఒకటిన్నర రెట్లయితే వేడి 2.25 రెట్లయింది, ఎందుకంటే గతిజశక్తి వేగపు వర్గంతో పెరుగుతుంది. ఆగుతూ బయలుదేరుతూ రోజంతా తిరిగే బండిలో ఈ తేడాయే క్లచ్ ఆయుర్దాయాన్ని నిర్ణయిస్తుంది.

వాలు మీద పరీక్ష

ఇప్పుడు ఐదు మీటర్లు ముందుకు పోయేసరికి ఒక మీటరు ఎత్తు లేచే వాలును తీసుకుందాం. కార్టు, మనిషి కలిసిన బరువు 1470 న్యూటన్లు. అందులో ఐదవ వంతు, అనగా 294 న్యూటన్లు, బండిని వెనక్కు లాగుతూ ఉంటుంది. నిష్పత్తి 4 అయితే ఇంజను గరిష్ఠ టార్క్ ఇరుసు దగ్గర 49.6 న్యూటన్-మీటర్లు అవుతుంది. దానిని చక్రపు వ్యాసార్ధం 0.175 మీటర్లతో భాగిస్తే నేలను నెట్టే బలం 283 న్యూటన్లు. గొలుసులో పోయే నష్టం, నేల నిరోధం లెక్కలోకి తీసుకోకముందే ఓడిపోయినాం. నిష్పత్తి 6 అయితే నెట్టే బలం 425 న్యూటన్లు. నష్టాలన్నీ పోగా బండి ఎక్కుతుంది. ఇరుసు మీద 12.4ను 6తో హెచ్చిస్తే 74.4 వస్తుంది. మొదట చెప్పిన, పెడల్ మీద నిలబడిన బాలుడి టార్కుకు ఇది ఇంచుమించు సమానం.

మొదటి కార్టు ఆ వాలు మీద నిలిచిపోయి, నడిపేవాడు యాక్సిలరేటర్ వదలకుండా ఉంటే ఏమవుతుంది? బండి కదలదు గనుక ఇంజను శక్తి అంతా క్లచ్‌లోనే వేడిగా మారుతుంది. ఇంజను 2000 చుట్లతో తిరుగుతూ 12 న్యూటన్-మీటర్ల టార్క్ ఇస్తుంటే ఆ శక్తి సుమారు రెండున్నర కిలోవాట్లు. రెండు ఇస్త్రీ పెట్టెలకు మించిన వేడి, చేతిలో పట్టేటంత డబ్బాలో! పొగ రాక మరేమి వస్తుంది? అది చూసి “ఇంజనులో దమ్ము లేదు” అనడం, బరువు ఎత్తలేక గడకర్ర విరిగితే కూలివాడిని తిట్టినట్లు ఉంటుంది.

హార్స్ పవర్ మోజు

ఈ విషయంలో సాధారణంగా వినిపించే సలహా, “ఇంకా పెద్ద ఇంజను పెట్టండి” అని. దీనికి మూలం హార్స్ పవర్ అంకె మీది మోజు. పైన చెప్పిన జీఎక్స్200 ఇంజనునే పూర్వం 6.5 హార్స్ పవర్ అనేవారు. కొలిచే పద్ధతి మార్చి, 3600 చుట్ల వద్ద నికర శక్తిని ప్రకటించడం మొదలైన తరువాత దానినే 5.5 హార్స్ పవర్ అంటున్నారు. ఇది 4.1 కిలోవాట్లు. కొలతబద్ద మారినంతమాత్రాన ఇంజను లాగే బలంలో మార్పు రాదు గదా! హార్స్ పవర్ అంకె ఒక వేగం వద్ద కొలిచిన శక్తిని చెబుతుందే గాని, నిలిచి ఉన్న బండి కదులుతుందా లేదా అన్నది చెప్పదు. ఆ రెండవ ప్రశ్నకు జవాబు పళ్ల నిష్పత్తిలో ఉన్నది.

ఇక్కడ న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. తక్కువ నిష్పత్తి ఎల్లప్పుడూ తప్పు కాదు. పోటీ కార్టులవారు పొడవైన తిన్నని బాట ఉన్నచోట నిష్పత్తి తగ్గిస్తారు. మలుపులు ఎక్కువ ఉన్నచోట పెంచుతారు. వెనుక పళ్లచక్రాన్ని ఒకటి రెండు పళ్ల తేడాతో మార్చుకుంటూ ఉంటారు. ఒకప్పటి 100 సీసీ పోటీ కార్టుల్లో క్లచ్ లేకుండానే, బండిని తోసి స్టార్టు చేసేవారు. కాని వారి బండి పరుగు మొదలుపెట్టినాక మధ్యలో ఆగదు. పాఠశాల మైదానంలో తిరిగే కార్టు పది నిమిషాల్లో పదిసార్లు ఆగుతుంది. వారి అంకెను మనం అరువు తెచ్చుకోవడం వల్లనే చిక్కు వచ్చింది.

గొలుసు ఎంపికలో పొరపాట్లు

నిష్పత్తి 6 కావాలని నిర్ణయించుకున్నాక గొలుసు సంగతి వస్తుంది. గొలుసు రోలర్ల మధ్య దూరాన్ని పిచ్ అంటారు. 35 నంబరు గొలుసు పిచ్ 9.525 మిల్లీమీటర్లు. 40, 41, 420, 428 నంబర్ల గొలుసులన్నింటి పిచ్ 12.7 మిల్లీమీటర్లు. మన సైకిలు గొలుసు పిచ్ కూడా అంతే. పిచ్ కలిసింది గదా అని వీటిని కలగాపులగంగా వాడటం ఒక సామాన్యమైన తప్పు. 428 గొలుసు రోలర్ వ్యాసం 8.51 మిల్లీమీటర్లు. 420 గొలుసుది 7.77. సైకిలు గొలుసు లోపలి వెడల్పు సుమారు 3 మిల్లీమీటర్లు, 428 గొలుసుది దాదాపు 8. పిచ్, రోలర్ వ్యాసం, వెడల్పు మూడూ పళ్లచక్రంతో సరిపోతేనే గొలుసు సరిపోయినట్లు.

“పెద్ద గొలుసు బలమైన గొలుసు” అన్నది మరొక భ్రమ. ప్రమాణాల ప్రకారం 35 నంబరు గొలుసు తెగకుండా తట్టుకోవలసిన కనీస బలం సుమారు 7.8 కిలోన్యూటన్లు. పిచ్ పెద్దదైన 41 నంబరు గొలుసుకు అది 6.7 కిలోన్యూటన్లే. 40 నంబరు గొలుసుకు మాత్రం 13.9. 35 నంబరు గొలుసు, 12 పళ్ల చక్రం ఉన్న మన కార్టులో గొలుసు మీద పడే లాగుడు సుమారు 670 న్యూటన్లు. కుదుపులకు ఎంత వదిలినా 35 నంబరు చాలుతుంది. అది ఊడిపోవడానికి తరచు కారణం బలహీనత కాదు, రెండు చక్రాలు ఒకే తలంలో లేకపోవడం. తిన్నని కమ్మీ ఒకటి రెండు చక్రాల ముఖాలకూ ఆనించి చూస్తే ఈ లోపం నిమిషంలో బయటపడుతుంది.

పిచ్ పెరిగితే చక్రం కూడా పెరుగుతుంది. 72 పళ్ల చక్రం 35 నంబరు గొలుసుకైతే 218 మిల్లీమీటర్ల వ్యాసం ఉంటుంది. దానికీ నేలకూ మధ్య 66 మిల్లీమీటర్లు మిగులుతుంది. అదే 12.7 పిచ్ గొలుసుకైతే వ్యాసం 291 మిల్లీమీటర్లు. మిగిలేది మూడు సెంటీమీటర్ల లోపు. మొదటి గులకరాయికే గొలుసు దెబ్బతింటుంది. దొరికేది మోటారుసైకిలు గొలుసే అయితే మధ్యలో ఒక చిన్న ఇరుసు పెట్టి తగ్గింపును రెండు మెట్లుగా చేయవచ్చు. 12కు 30, తరువాత 20కి 48 అయితే 2.5ను 2.4తో హెచ్చించగా 6 వస్తుంది. బేరింగులు, రెండవ గొలుసు అదనపు ఖర్చు.

ముందు చక్రాన్ని 10 పళ్లకు తగ్గించి నిష్పత్తి పెంచేవారు కూడా ఉన్నారు. చక్రం మీద గొలుసు గుండ్రంగా కాక బహుభుజిలాగా వంగుతుంది గనుక దాని వేగం సమంగా ఉండదు. 12 పళ్లకు ఈ ఎగుడుదిగుడు సుమారు 3.4 శాతం. 10 పళ్లకు 4.9 శాతం. చప్పుడు, అరుగుదల ఆ మేరకు పెరుగుతాయి.

మన స్కూటర్లలో ఉన్నట్టి, తనంతట తాను నిష్పత్తి మార్చుకునే బెల్టు అమరిక కార్టులకు కూడా దొరుకుతుంది. దాని నిష్పత్తి సుమారు 2.7 నుంచి 0.9 దాకా మారుతుంది. బయలుదేరేటప్పుడు బలం, పరుగులో వేగం రెండూ ఇస్తుంది. మంచి సాధనమే. కాని దాని తరువాత వచ్చే గొలుసు నిష్పత్తిని లెక్క కట్టకుండా బిగిస్తే అదీ బెల్టు కాలిన వాసనతోనే జవాబు చెబుతుంది.

గవర్నర్ తీయరాదు

ఇక ఆ పిల్లలు అడిగిన ప్రశ్న. గవర్నర్ అనేది ఇంజను హద్దు మీరకుండా కాసే కాపలాదారు. దానిని తీసివేసినందువల్ల నిలిచి ఉన్న బండికి టార్క్ పెరగదు. పెరిగేది పై వేగం మాత్రమే. 3600 చుట్లకు బదులు 5400 చుట్లు తిరిగితే వేగం ఒకటిన్నర రెట్లు అవుతుంది. ఫ్లైవీల్‌ను చీల్చే బలం, కనెక్టింగ్ రాడ్‌ను లాగే బలం 2.25 రెట్లు అవుతాయి. ఆ ఫ్లైవీల్ తిరుగుతున్నది నడిపేవాడి వీపు వెనుకనే!

ఇదే 2.25 మూడవ చోట కూడా ఎదురవుతుంది. గంటకు 59 కిలోమీటర్లతో పోయే కార్టును ఆపడానికి బ్రేకు మింగవలసిన శక్తి, 40 కిలోమీటర్లతో పోయేదానికి కావలసిన శక్తికి 2.25 రెట్లు. క్లచ్, ఇంజను, బ్రేకు, మూడూ వేగపు వర్గానికే లోబడి ఉన్నవి. కంటికి కనబడే లాభం ఒకటిన్నర. కనబడని నష్టం రెండుంపావు.

మార్కుల కాగితంలో లేని గడి

ఆ ప్రదర్శనలో మా చేతికి ఇచ్చిన మార్కుల కాగితంలో వేగం, అందం, ఖర్చు అనే గడులు ఉన్నవి. లెక్క అనే గడి లేదు. లేదని మేమెవరమూ అడగలేదు. నా విమర్శ పిల్లల మీద కంటె మా మీదనే ఎక్కువ. మేము వేగానికి మార్కులు వేస్తే పిల్లలు వేగాన్నే తయారుచేస్తారు. నెమ్మదిగా తిరిగిన రెండవ కార్టువారు తమ లెక్కను నోటుపుస్తకంలో రాసుకుని తెచ్చినారు. ఆ పుస్తకం తెరవమని మేము అడగనే లేదు.

ఉపాధ్యాయులకు నా మనవి ఇది. కార్టు పని మొదలయ్యేముందు ఇంజను కొననివ్వకండి. మొదట చక్రపు చుట్టుకొలత కొలిపించండి. బండి ఎక్కవలసిన వాలును, మొత్తం బరువును రాయించండి. దాని నుంచి నిష్పత్తిని, ఆ నిష్పత్తి నుంచి పై వేగాన్ని, పట్టు వేగాన్ని తేల్పించండి. గొలుసు, పళ్లచక్రాలు, చివరికి ఇంజను ఆ తరువాతనే రావాలి. గొలుసుకు రేకు కప్పు, ఇరుసుకు గట్టి బ్రేకు లేని బండిని మైదానంలోకి రానివ్వకండి.

మార్కులు వేసేవారు రెండు పరీక్షలు పెట్టవచ్చు. ఒకటి, వాలు మధ్యలో ఆపిన బండి మనిషితో సహా మూడుసార్లు వరుసగా బయలుదేరాలి. రెండు, 50 మీటర్ల దూరాన్ని పూర్తి వేగంతో దాటే కాలాన్ని గడియారంతో కొలిచి, విద్యార్థి ముందుగా రాసిచ్చిన వేగంతో పోల్చాలి. రాసినది, కొలిచినది ఎవరిలో దగ్గరగా ఉన్నవో వారికి బహుమతి ఇవ్వాలి.

కార్టు లేని పాఠశాలలో కూడా ఈ పాఠం ఆగనవసరం లేదు. సైకిలును తలకిందులుగా నిలిపి, వెనుక టైరు మీద సుద్దముక్కతో ఒక గీత గీయండి. పెడల్‌ను నెమ్మదిగా ఒక్క చుట్టు తిప్పి, గీత ఎన్నిసార్లు వచ్చిందో పిల్లలచేత లెక్కపెట్టించండి. తరువాత ముందు పళ్లు, వెనుక పళ్లు లెక్కపెట్టి భాగహారం చేయించండి. రెండు అంకెలూ కలిసినప్పుడు, ఇంజను కొనడానికి ముందు వేయవలసిన మొదటి అడుగు వారు వేసినట్లే.